పోకర్ టోర్నమెంట్ చివర్లో చిప్స్ తక్కువున్నప్పుడు ఎలా ఆడాలి?

సంక్రాంతి మూడు రోజులూ మా విజయనగరంలో ఏ మేడెక్కినా పేకముక్కలే, పెద్దోళ్ళు రమ్మీలోనో కోతముక్కలోనో ఉంటారు, హైదరాబాద్ బెంగుళూరు నుంచి దిగిన కుర్రోళ్ళు మాత్రం ఈ మధ్య చిప్స్ సెట్ ఒకటి తెచ్చి పోకర్ టోర్నమెంట్ అని మొదలెడతన్నారు. మొదటి రెండు గంటలు అందరూ బాగానే ఆడతారు. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టాల్సిన చిప్స్, చిన్నది స్మాల్ బ్లైండ్, పెద్దది బిగ్ బ్లైండ్) పెరిగి ముందున్న చిప్స్ కుప్ప చిన్నదయ్యేసరికి సగం మంది బిగుసుకుపోయి ముక్కలు పడేస్తా కూర్చుంటారు, మిగతా సగం మంది "పోతే పోనీ బావా" అని ఏది పడితే అది పెట్టి ఎగిరిపోతారు. రెండూ తప్పే, మధ్యలో ఒక పద్ధతుంది, దాని గురించే ఇది.

ముందుగా ఒక మాట. డబ్బులు పెట్టి ఆడటం గురించి కాదు నేను రాసేది. మన రాష్ట్రంలో 1974 గేమింగ్ చట్టం ఉంది, 2020లో సవరణ తెచ్చి ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని కూడా అందులోకి లాగేశారు, 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ ఆన్‌లైన్ డబ్బు ఆటలు నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి ఉత్తి చిప్స్, గెలిచినోడికి పాయింట్లు, ఓడినోడు అందరికీ టీ పెట్టాలి, అంతవరకే. టెక్సాస్ హోల్డెమ్ రూల్స్ (చేతిలో రెండు ముక్కలు, మధ్యలో ఐదు) తెలుసనుకునే రాస్తన్నా.

ముందు లెక్క: చిప్స్ కాదు, బిగ్ బ్లైండ్లు

"నా దగ్గర తొమ్మిది వేలున్నాయి" అంటే ఏమీ అర్థం కాదు. బ్లైండ్స్ 50-100 ఉంటే మీరు రాజు, 500-1000 ఉంటే మీ పని అయిపోవచ్చింది. అందుకని ఎప్పుడూ ఉన్న చిప్స్‌ని బిగ్ బ్లైండ్‌తో భాగించి చూడండి. తొమ్మిది వేలు, బిగ్ బ్లైండ్ వెయ్యి, అంటే 9 బిగ్ బ్లైండ్లు.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఎమ్ అంటారు, పాల్ మాగ్రియెల్ అనే బ్యాక్‌గామన్ ఆటగాడు పెట్టిన లెక్క అది. టేబుల్ ఒక చుట్టు తిరిగేసరికి మీ జేబులోంచి ఎంత పోద్దో చూసి దాంతో భాగించడం. స్మాల్ బ్లైండ్ 500, బిగ్ బ్లైండ్ 1000, బిగ్ బ్లైండ్‌లో ఉన్నోడే అందరి తరఫునా కట్టే యాంటీ (పంపకానికి ముందే మధ్యలో వేసే చిప్స్) ఇంకో 1000, మొత్తం చుట్టుకి 2500. తొమ్మిది వేలకి 3.6 చుట్లు. అదీ బ్లైండ్స్ పెరక్కుండా ఉంటే, పెరగకుండా ఎక్కడుంటాయి గానీ. తొమ్మిది మంది కూర్చున్న టేబుల్‌లో చుట్టంటే తొమ్మిది పంపకాలు, ఐదుగురే మిగిలితే ఐదు పంపకాలకే ఆ 2500 పోద్ది, టేబుల్ చిన్నదయ్యే కొద్దీ మీ టైమ్ కూడా తగ్గిపోతన్నట్టే.

ఎన్ని బ్లైండ్లుంటే ఏ ఆట

20 పైన ఉంటే మామూలుగా రైజ్ చేసి (పందెం పెంచి), ఫ్లాప్ (మధ్యలో పడే మొదటి మూడు ముక్కలు) చూసి ఆడుకోవచ్చు. 12 నుంచి 20 మధ్యలో అయితే మీ అసలు ఆయుధం ఎదుటోడి రైజ్ మీద ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ మొత్తం పెట్టేయడం), దాని గురించి చివర్లో చెప్తా. 12 కంటే, మరీ ముఖ్యంగా 10 కంటే కిందకి దిగారంటే మీ ఆట రెండే రెండు మాటలు: ఆల్ ఇన్ లేకపోతే ఫోల్డ్ (ముక్కలు పడేయడం). లింప్ అవ్వడం, అంటే ఊరికే బిగ్ బ్లైండ్ కట్టి తొంగి చూడటం, మర్చిపోండి. చిన్న రైజ్ చేసి ఎవడైనా ఎగబడితే పారిపోవడం ఇంకా దరిద్రం, 8 బ్లైండ్లున్నోడు 2 పెట్టి పారిపోయాడంటే ఉన్నదాంట్లో పావు వంతు ఊరికే దానం చేసినట్టు.

ఎందుకంత మొండిగా చెప్తన్నానంటే, చిప్స్ తక్కువున్నోడికి ముక్కల కన్నా పెద్ద బలం అవతలోడు ఫోల్డ్ చేసే అవకాశం. పోకర్ వాళ్ళు దాన్ని ఫోల్డ్ ఈక్విటీ అంటారు. మీ ఆల్ ఇన్ అవతలోడికి నొప్పి పుట్టించేంత ఉన్నప్పుడే అది ఉంటది. చేపలు గంపకెత్తుకొచ్చే ఆవిడ ఐస్ ఉన్నంతసేపే బేరం గట్టిగా ఆడుద్ది, ఐస్ కరిగిపోయాక వచ్చిన రేటుకి ఇచ్చేయాల్సిందే, ఇదీ అంతే. 9 బ్లైండ్లతో ఆల్ ఇన్ అంటే ఎవడైనా ఆలోచిస్తాడు. 2 బ్లైండ్లతో ఆల్ ఇన్ అంటే బిగ్ బ్లైండ్‌లో ఉన్నోడు ముక్కలు చూడకుండానే కాల్ (నేనూ అంతే పెడతా) అంటాడు, ఎందుకంటే ఇంకొక్క బ్లైండ్ పెడితే నాలుగున్నర బ్లైండ్ల కుప్పకి పోటీ పడొచ్చు, 18 శాతం గెలిచే ఛాన్సుంటే చాలు, ఆ మాత్రం ఏ ముక్కలకైనా ఇంచుమించు ఉంటది. కాబట్టి ఆసుల జంట కోసం ఎదురు చూస్తా 9ని 2 చేసుకోకండి.

మొదట దూకేది మీరే అవ్వాలి

మీ ముందున్నోళ్ళంతా ఫోల్డ్ చేశారు, ఇంకా కొద్దిమందే మిగిలారు, అప్పుడు దూకాలి. లెక్క ఒకటి వేసి చూపిస్తా, కొంచెం ఓపిక పట్టండి.

మీరు కట్ ఆఫ్‌లో ఉన్నారు, అంటే బటన్‌కి (పంచేవాడి సీటు, స్మాల్ బ్లైండ్‌కి సరిగ్గా ముందుది) ఒక సీటు ముందు. మీ వెనక ముగ్గురు: బటన్, స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్. మీ దగ్గర 9000, మధ్యలో అప్పుడే 2500 పడున్నాయి. వాళ్ళు జాగ్రత్త మనుషులు, ఎనిమిదుల జంట నుంచి పైన జంటలు, ఆసు-జాకీ, ఆసు-రాణి, ఆసు-రాజు, రాజు-రాణి, ఇవుంటేనే కాల్ చేస్తారనుకుందాం. చేతికి వచ్చే రెండు ముక్కల కాంబినేషన్లు మొత్తం 1326, వాళ్ళు కాల్ చేసేవి అందులో 106, అంటే 8 శాతం. ముగ్గురిలో ఎవరికీ అవి రాకపోయే ఛాన్స్ 78 శాతం. అంటే ఇంచుమించు అయిదింట నాలుగుసార్లు మీరు ముక్కలు చూపించకుండానే 2500 లాగేసుకుంటారు. మిగతా 22 శాతంలో ఎవడో కాల్ చేశాడు, మీ ముక్కలు అంత గొప్పవి కావు, మూడుసార్లకి ఒకసారే గెలుస్తారనుకోండి. అప్పుడు పాట్ (మధ్యలో పడ్డ చిప్స్ కుప్ప) ఇరవై వేల దగ్గరుంటది, మీ వాటా సగటున 6600, పెట్టింది 9000, నష్టం 2400. రెండూ కలిపి చూస్తే ఆల్ ఇన్ పెట్టిన ప్రతిసారీ సగటున 1400 పైగా లాభం. అంటే ఒకటిన్నర బ్లైండు, చెత్త ముక్కలతో!

కానీ ఆ 78 శాతం అన్నది వెనకున్నోళ్ళు ఎలాంటోళ్ళో దాన్ని బట్టే మారిపోద్ది. చిప్స్ కొండలా పెట్టుకుని "చూద్దాం ఏటుందో" అని ప్రతిదానికీ కాల్ చేసే మావయ్య బిగ్ బ్లైండ్‌లో కూర్చుంటే ఈ లెక్క చింపి పారేయండి, ఆయన మీదకి మంచి ముక్కలతోనే వెళ్ళాలి. 3 బ్లైండ్లే మిగిలినోడు కూడా భయపడడు, వాడికి పోయేదేం లేదు. మధ్యరకం వాళ్ళు, 15-25 బ్లైండ్లతో హాయిగా ఉన్నోళ్ళు, మీతో ఢీకొని దెబ్బ తినడం వాళ్ళకిష్టం ఉండదు. వాళ్ళ బ్లైండ్ల మీద పడండి.

ఏ ముక్కలతో

పూర్తి చార్ట్ బట్టీ పట్టక్కర్లేదు. ఎనిమిది పది బ్లైండ్లతో, అందరికన్నా ముందు ఆడే సీట్లో, వెనక ఎనిమిది మంది ఉన్నప్పుడు: అయిదుల జంట పైన, ఆసుతో పది లేదా అంతకన్నా పెద్ద ముక్క, సూటెడ్ (రెండూ ఒకే గుర్తువి) రాజు-రాణి. బటన్ మీదకొచ్చేసరికి బాగా తెరిచేయొచ్చు, ఏ జంటైనా, ఏ ఆసైనా, రాజుతో తొమ్మిది పైన, రాణి-పది, జాకీ-పది, సూటెడ్‌లో తొమ్మిది-ఎనిమిది లాంటివి కూడా. స్మాల్ బ్లైండ్‌లో ఉండి అందరూ ఫోల్డ్ అయిపోయి మీరూ బిగ్ బ్లైండూ మిగిలితే, 10 బ్లైండ్లున్నప్పుడు సగానికి పైగా ముక్కలతో ఆల్ ఇన్ పెట్టడమే లెక్క ప్రకారం కరెక్టు. వినడానికి పిచ్చిగా ఉంటది గానీ నిజం.

ఆసు-నాలుగు చూడగానే మనవాళ్ళకి గుండె పొంగిపోద్ది. చేతిలో ఆసు ఉంటే అవతలోడికి ఆసుల జంట వచ్చే దారులు ఆరు నుంచి మూడుకి, ఆసు-రాజు వచ్చే దారులు పదహారు నుంచి పన్నెండుకి తగ్గుతాయి, కాబట్టి వాళ్ళు ఫోల్డ్ చేసే ఛాన్స్ పెరుగుద్ది, ఆ మాట నిజమే. అయితే కాల్ వచ్చి అవతల ఆసు-రాజు తిరగబడితే మీ ఛాన్స్ నాలుగింట ఒకటి కంటే ఓ పిసరు ఎక్కువ. అదే సూటెడ్ తొమ్మిది-ఎనిమిది అయితే అదే ఆసు-రాజు మీద 40 శాతం దగ్గరుంటది, ఎందుకంటే రెండు ముక్కలూ బతికే ఉన్నాయి.

ఇంకొకటి, మీ చిప్స్ 5 బ్లైండ్లే ఉండి మీరు మొదటి సీట్లో ఉన్నారంటే, వచ్చే పంపకానికి బిగ్ బ్లైండూ యాంటీ కలిపి రెండు పోతాయి, ఆ తర్వాత స్మాల్ బ్లైండ్ అర. అంటే ఐదు కాస్తా రెండున్నర. అందుకని బ్లైండ్ మీ మీదకి వచ్చేముందు పంపకంలో ప్రమాణాలు కొంచెం దించండి, ఏదో ఒక ఆసో, రాజు-జాకీ లాంటిదో వస్తే వదలొద్దు.

కాల్ చెయ్యాలంటే మాత్రం చెయ్యి గట్టిదవ్వాలి

మీకన్నా ముందు ఎవడో ఆల్ ఇన్ పెట్టాడు. ఇక్కడ మీకు ఫోల్డ్ ఈక్విటీ సున్నా, గెలవాలంటే ముక్కలే గెలిపించాలి. మీరు ఏ రాజు-పదితో ఆల్ ఇన్ పెట్టేవారో అదే రాజు-పదితో కాల్ చెయ్యకూడదు. ఒక్క బిగ్ బ్లైండ్‌లో ఉన్నప్పుడే సడలింపు: అవతలోడు 6 బ్లైండ్లు పెట్టాడు, మీది ఒకటి అప్పటికే లోపలుంది, ఇంకో ఐదు పెడితే స్మాల్ బ్లైండ్, యాంటీ కలుపుకుని పదమూడున్నర పాట్ అవుద్ది, కాబట్టి 37 శాతం గెలుస్తారనుకుంటే చిప్స్ లెక్కలో కాల్ కరెక్టే. అవతలోడు బటన్ మీద నుంచి ఏవి పడితే అవి తోసే రకమైతే ఆ 37 చాలా ముక్కలకి ఉంటది, మొదటి సీట్లోంచి తోశాడంటే అంత తేలిగ్గా ఉండదు.

బబుల్ దగ్గర లెక్క మారిపోద్ది

బబుల్ అంటే బహుమతికి ఒక్క మనిషి దూరంలో ఉండటం, అప్పుడు చిప్ విలువ చిప్ విలువలా ఉండదు. ఐసీఎమ్ అనే లెక్క (చిప్స్‌ని బహుమతిలో వాటాగా మార్చి చూడటం) దీనికోసమే. మన మేడ మీద టోర్నమెంటే తీసుకోండి, 100 పాయింట్లు, మొదటోడికి 50, రెండోవాడికి 30, మూడోవాడికి 20, నాలుగోవాడికి టీ గ్లాసులు కడిగే పని. నలుగురు మిగిలారు, అందరికీ సమానంగా చిప్స్. ఒక్కొక్కరి వాటా విలువ 25 పాయింట్లు. ఇప్పుడు మీరూ ఇంకొకడూ ఢీకొని మీరు గెలిచారు, చిప్స్ రెట్టింపు, కానీ వాటా విలువ 50 అవ్వదు, 38.33 అవుద్ది. 25 పణం పెట్టి 38.33 కోసం ఆడుతన్నారంటే గెలిచే ఛాన్స్ 65 శాతం దాటాలి. అంటే ఆసు-రాజు పట్టుకుని చిన్న జంట మీద కాల్ చెయ్యడం, మామూలప్పుడు సగం-సగం ఆట, ఇక్కడ తప్పు.

ఇదే లెక్క అవతలోళ్ళకీ వర్తిస్తది. వాళ్ళూ కాల్ చెయ్యడానికి భయపడతారు, అందుకే బబుల్ దగ్గర ముందు తోసేవాడిదే పైచేయి. అయితే మీకంటే తక్కువ చిప్స్‌తో ఇంకో ఇద్దరు కొట్టుకుంటా ఉంటే, వాళ్ళని కొట్టుకోనివ్వండి, మీరు సరిహద్దు ముక్కలన్నీ పడేసి టేబుల్ చుట్టూ చిప్స్ లెక్క పెట్టుకోండి. మధ్యలో ఎవడో "ఏటి బావా నిద్రోచ్చిందా" అంటాడు, అననివ్వండి.

2, 3 బ్లైండ్లకి పడిపోతే

ఇక్కడ ఎవరూ భయపడరు కాబట్టి తొమ్మిది-ఎనిమిది లాంటి అందగత్తెల కన్నా రాజు-అయిదు నయం, పెద్ద ముక్క ఒకటుంటే ఏమీ కలవకపోయినా గెలవొచ్చు. ఆశ వదులుకోకండి, 1982లో లాస్ వేగాస్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో జాక్ స్ట్రాస్ ఒక్క 500 చిప్ మిగిలిన స్థితి నుంచి లేచి టైటిల్ కొట్టాడు. అలాగని ప్రతి సంక్రాంతికీ అలా అవ్వదు లెండి.

రెట్టింపు అయ్యాక

8 నుంచి 17 అయ్యారు, చాలామంది ఇక్కడే ఊపులో మళ్ళీ ప్రతి పంపకానికీ ఆల్ ఇన్ అంటారు. మళ్ళీ భాగించి చూసుకోండి. 17 బ్లైండ్లతో మీకిప్పుడు కొత్త ఎత్తు దొరికింది: బటన్ మీదున్నోడు అలవాటుగా రెండు బ్లైండ్లకి రైజ్ చేశాడు, మీరు బ్లైండ్‌లో ఉన్నారు, అప్పుడు మొత్తం తోసేయండి. వాడి రెండూ, మధ్యలో ఉన్న రెండున్నరా కలిపి నాలుగున్నర బ్లైండ్లు, వాడు ఫోల్డ్ చేస్తే అన్నీ మీవే. దీనికి సూటెడ్ ఆసు-అయిదు, చిన్న జంటలు, రాజు-రాణి బాగా పనికొస్తాయి. మొదటి సీట్లోంచి రైజ్ చేసినోడి మీద మాత్రం చెయ్యకండి, వాడి దగ్గర నిజంగానే ఏదో ఉంటది.