పన్నెండో ఎక్కంలో పదో వరుస రాకపోతే

బడిలో ఒడియా మాధ్యమంలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే మా మేనకోడలి కోసం, పర్లాకిమిడిలోని మా ఇంట్లో కూర్చుని, పన్నెండో ఎక్కాన్ని తెలుగులో చూపించే చిన్న ప్రోగ్రాంను పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశాను. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్‌లో ఏయే సంఖ్యలకు ఆ పని చేయాలో చెప్పే రేంజ్‌ను రేంజ్(1, 10) అని పెట్టగా, ఎక్కం పన్నెండు తొమ్ముల 108 దగ్గరే ఆగిపోయింది. తప్పును తెలిపే సందేశమేదీ రానందున గంటసేపు గుణకారం రాసిన వరుసనే అనుమానించాను. చివరకు గుణకారాన్ని తీసేసి, లూప్ లెక్కించే సంఖ్యను మాత్రమే ముద్రించి చూసినప్పుడు, రేంజ్ మొదటి సంఖ్యను కలుపుకొని రెండో సంఖ్యకు ముందే ఆగుతుందని అర్థమైంది. రేంజ్(1, 11) అని మార్చగానే 120 వచ్చింది. ఈ పద్ధతి మొదట వింతగా తోచినా, రెండో సంఖ్యలోంచి మొదటిది తీసేస్తే లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో తెలిసిపోతుంది కనుక, ఇప్పుడు నాకు ఇదే సబబనిపిస్తోంది.

ఎక్కం చివరి నుంచి మొదటికి రావాలని పాప కోరినప్పుడు రేంజ్(10, 1) రాస్తే ఒక్క వరుస కూడా రాలేదు. మూడో విలువ ఇవ్వకపోతే పైథాన్ అడుగును, అంటే ఒక సంఖ్య నుంచి తర్వాతి సంఖ్యకు ఉండే తేడాను, 1గా తీసుకుంటుంది. 10 నుంచి పైకి వెళ్తూ 1ని చేరడం సాధ్యం కాదు. రేంజ్(10, 0, -1) అని రాశాక 120 నుంచి 12 వరకు వరుసలు సక్రమంగా వచ్చాయి.