అత్తవారింట పండుగ విందును, ఆటలను హాయిగా ఆస్వాదించడం ఎలా?

పండుగకు అత్తవారింటికి వెళ్లినవారిని ఇబ్బంది పెట్టేది చాలావరకు వంటలూ కాదు, ఆటలూ కాదు, మొహమాటమే. వద్దనలేక తిన్న మారు వడ్డన మధ్యాహ్నమంతా కడుపులో బరువుగా ఉండిపోతుంది. నియమాలు అడగలేక కూర్చున్న ఆట సాయంత్రాన్ని చప్పగా మారుస్తుంది. కింది సూచనలు అల్లుళ్లకూ కోడళ్లకూ సమానంగా వర్తిస్తాయి.

1. పడనివేమైనా ఉంటే ముందే చెప్పండి

వేరుసెనగ, పాలు, గుడ్లు, రొయ్యలు వంటివి ఒంటికి పడకపోతే ఆ సంగతి వంట మొదలుకాక ముందే, వీలైతే మీ జీవిత భాగస్వామి ద్వారా, ఆ ఇంటివారికి తెలియాలి. కంచం ముందు కూర్చున్నాక చెబితే వండినవారు నొచ్చుకుంటారు, పైగా "ఒక్క చెంచాకు ఏమవుతుంది?" అన్న మాట తప్పదు. తీవ్రమైన అలర్జీ ఉన్నవారికి ఆ ఒక్క చెంచా కూడా ప్రమాదమే. ఒక గిన్నెలో తిప్పిన గరిటెను మరో గిన్నెలో పెట్టినా చాలు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు మరో విషయం గమనించాలి. పండుగనాడు భోజనం అనుకున్న వేళకు సిద్ధం కావడం అరుదు కాబట్టి, భోజనానికి ముందు వేసుకోవాల్సిన ఇన్సులిన్‌ను గడియారం చూసి కాక, వడ్డన ఖాయమయ్యాకే వేసుకోవడం మంచిది.

2. మొదటి వడ్డన తక్కువగా వేయించుకోండి

కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు అందడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుందని చెబుతారు. అందువల్ల విందు కోసం ఉదయం నుంచి పస్తుండి, కూర్చోగానే గబగబా తినడం పొరపాటు. అన్నీ కొద్దికొద్దిగా వేయించుకుని, నచ్చినదాన్ని మళ్లీ అడగండి. కంచం ఖాళీ అయిన మరుక్షణం గరిటె దాని మీద వాలుతుందని అనుభవజ్ఞులకు తెలుసు. అందుకే వారు చివరి వరకు ఒక మూల ఏదో ఒకటి మిగిల్చి ఉంచుతారు.

కొసరి వడ్డించేవారిని ఉత్త "వద్దు"తో ఆపలేము. "అత్తయ్యగారూ, ఈ కూర ఇంకొంచెం వేయండి, తీపి మాత్రం సాయంత్రం తింటాను" అంటే, ఒకటి కోరి అడిగారన్న తృప్తి వారికి, ఇంకొకటి తప్పించుకున్న వెసులుబాటు మీకు దక్కుతాయి. అలా అన్నాక సాయంత్రం ఆ తీపి నిజంగానే తినాలి. మీ పుట్టింట్లో ఇదే వంటకాన్ని ఎలా చేస్తారో వివరించడానికి మాత్రం ఇది సమయం కాదు.

3. పనిలో ఒక చేయి వేయండి

"ఏమైనా చేయనా?" అంటే "నువ్వు కూర్చో" అనే అంటారు. నీళ్లు అందించడం, కంచాలు తీయడం వంటి ఏదో ఒక పనిని అడగకుండానే అందుకోండి.

4. ఉన్న మనుషులను బట్టి ఆటను ఎంచుకోండి

చదరంగం ఎంత గొప్పదైనా ఇద్దరు ఆడుతుంటే మిగతా పదిమంది ఆవులిస్తారు. క్యారమ్స్ నలుగురికి సరిపోతుంది. రంగురంగుల అంకెల ముక్కలతో ఆడే యూనో పదిమంది దాకా ఆడవచ్చు. ఇంకా ఎక్కువమంది ఉంటే, పిలిచిన అంకెలను టికెట్టులో కొట్టేసే తంబోలాకు మించినది లేదు: 1 నుంచి 90 వరకు అంకెలు, టికెట్టుకు మూడు వరుసల్లో 15 అంకెలు, మిగతాదంతా అదృష్టమే కాబట్టి అమ్మమ్మా ఏడేళ్ల మనవడూ అక్కడ సమానులే. ఆడటం ఇష్టం లేనివారికి అంకెలు పిలిచే పని అప్పగించవచ్చు. గంటల తరబడి సాగుతూ ఓడినవారిని ఒక్కొక్కరినే బయటకు పంపే మోనోపలీ వంటి ఆటలను ఇలాంటి రోజున పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం.

జట్లుగా ఆడేటప్పుడు మీ వైపువారు ఒక జట్టు, వారి వైపువారు మరో జట్టు కాకుండా చూడండి. మామగారు మీ జట్టులో, మీ భాగస్వామి ఎదుటి జట్టులో ఉంటే వేళాకోళం వేళాకోళంగానే మిగులుతుంది.

5. ఆ ఇంటి నియమాలను మొదటే అడగండి

తగాదాలు పుట్టేది ఇక్కడే. క్యారమ్స్‌లో రెడ్‌కు (ఎర్ర కాయిన్‌కు) వెంటనే ఫాలో పడాలని, అంటే దాని వెంటే మన కాయిన్ ఒకటి వేయాలని అందరూ ఒప్పుకుంటారు గానీ, రెడ్‌కు ఎన్ని పాయింట్లు, బొటనవేలితో కొట్టవచ్చా లేదా అన్నవి ఇంటికో రకంగా ఉంటాయి. యూనోలో ప్లస్ టూ ముక్క తమ మీద పడినవారు రెండు ముక్కలు తీసుకుని తమ వంతు వదులుకోవాలన్నది అసలు నియమం. దాని మీద మరో ప్లస్ టూ వేసి నాలుగింటిని పక్కవారికి నెట్టడం అందులో లేదు. అయినా ఎన్నో ఇళ్లలో అలాగే ఆడతారు. ఫోన్ తీసి అసలు నియమం చూపిస్తే మీరు నెగ్గేది వాదన మాత్రమే, కాబట్టి ఆ ఇంట్లో ఆ ఇంటి పద్ధతే చెల్లనివ్వండి. డబ్బు పెట్టి ఆడుతుంటే ఎంతవరకన్నది ముందే తేల్చుకోండి. ఇష్టం లేకపోతే లెక్కలు రాసే బాధ్యత తీసుకోండి. పెద్దలను గెలిపించాలని కావాలని ఓడిపోవద్దు, వారు ఇట్టే పసిగడతారు.

6. మిగిలిన వంటలను మరవకండి

ఆటలో పడితే వంటింటి వైపు ఎవరూ చూడరు. వండినవి బయట రెండు గంటలకు మించి ఉండకూడదు కాబట్టి, మొదటి ఆట ముగియగానే ఒకరు లేచి వాటిని లోతు తక్కువ గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రికి వాటిని గోరువెచ్చగా కాక, పొగలు వచ్చేదాకా వేడిచేయాలి.