పీఎస్5కు ఆట కొనేముందు చూసుకోవలసినవి

నా అలమరలో పోయిన నెల దాకా సోనీ ప్లేస్టేషన్ కన్సోళ్ళకు, అంటే టీవీకి తగిలించి ఆడే ఆట యంత్రాలకు, వచ్చిన పీఎస్4, పీఎస్5 డిస్కులు కలిపి ఇరవై మూడు ఉండేవి. వాటిలో నేను చివరిదాకా ఆడినవి పద్నాలుగే. మిగిలిన తొమ్మిదింటిలో చెడ్డ ఆట అనదగినది ఒక్కటీ లేదు. తప్పంతా నేను వాటిని కొన్న తీరులో ఉంది. రోజుకు గంట తీరిక చిక్కని నెలల్లో నూరు గంటల ఆటలు కొన్నాను, ఇంట్లో రెండో కంట్రోలరు పట్టే మనిషి లేనప్పుడు ఇద్దరు కలిసి ఆడవలసిన ఆట కొన్నాను, విడుదలైన రోజునే పూర్తి ధర పెట్టి తెచ్చుకుని ఆరు నెలల తరువాత అదే ఆట సగం ధరకు అమ్ముడుపోతుంటే చూస్తూ కూర్చున్నాను. సోనీ సొంత ఆటల పీఎస్5 పెట్టె మీద 4,999 రూపాయలని అచ్చయి ఉండటం మామూలైన మన దేశంలో ఇటువంటి పొరపాట్లు తేలికగా తీసుకోదగినవి కావు. కనుక ఏ ఆట గొప్పది అని అడిగేముందు, ఏ ఆట మన ఇంట్లో, మనకున్న వేళల్లో సాగుతుంది అని అడగడం మంచిదని నా అభిప్రాయం.

కొత్తగా పీఎస్5 తెచ్చుకున్నవారు మొదటి వారం ఏ ఆటా కొనవద్దు. ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే చిన్న ఆట కన్సోల్‌తోపాటే ఉచితంగా వస్తుంది. నాలుగైదు గంటల్లో ముగిసే ఆ ఆటలో ఇసుక మీద నడిచినప్పుడు ఒక రకంగా, మంచు మీద జారినప్పుడు ఇంకో రకంగా, వానచినుకులు పడినప్పుడు మరో రకంగా కంట్రోలరు అరచేతిలో కదులుతుంది. ఈ యంత్రానికి పెట్టిన డబ్బు ఎక్కడికి పోయిందో అక్కడ తెలుస్తుంది. పిల్లల ఆట అనుకుని దానిని తెరవకుండానే వదిలేసినవారు నా స్నేహితుల్లోనే నలుగురున్నారు. అది నచ్చితే, దానిని తయారుచేసిన టీమ్ అసోబి బృందమే 2024 సెప్టెంబరులో విడుదల చేసిన ఆస్ట్రో బాట్ కళ్ళు మూసుకుని కొనవచ్చు. ఒక్కొక్క దశ పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది కనుక, అన్నం ఉడికేలోపు ఒకటి ఆడి లేవవచ్చు.

ఆ తరువాత చేయవలసింది లెక్క. వారంలో మీకు నిజంగా చిక్కే గంటలెన్నో వేసుకోండి. ఆదివారాలను అందులో కలపకండి. అవి పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ పోతాయి. పక్కదారులు పట్టకుండా కథ మాత్రమే ఆడుకుంటూ పోతే మైల్స్ మొరాలెస్ కథానాయకుడిగా ఉన్న స్పైడర్ మ్యాన్ ఆట సుమారు ఎనిమిది గంటలు, 2018 నాటి గాడ్ ఆఫ్ వార్ ఇరవై, ఘోస్ట్ ఆఫ్ సుషిమా పాతిక, ది విచర్ 3 యాభై గంటలు పడతాయి; పర్సోనా 5 రాయల్ నూరు తాకుతుంది. వారానికి ఐదు గంటలు దొరికే మనిషికి ఈ చివరిది ఐదు నెలల వ్యవహారం. మధ్యలో పరీక్షలో ఆఫీసు పనో వచ్చి నెల రోజులు ఆగిందంటే, ఏ పాత్ర ఎవరో, ఏ బటన్ దేనికో మరచిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వస్తుంది, లేదా నాలాగా అలమరలో పెట్టవలసి వస్తుంది.

తక్కువ తీరిక ఉన్నవారికి పుణె సంస్థ నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన రాజీ అనే ఆటను కూడా సూచిస్తాను. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయే అమ్మాయి కథ అది. దుర్గాదేవి, విష్ణుమూర్తి మాట్లాడుకుంటూ ఆ కథ చెబుతారు. పోరాటాలు సాధారణంగానే ఉంటాయి, కొన్నిచోట్ల దూకినప్పుడు అంచు సరిగ్గా అందక పాత్ర కింద పడిపోతుంది. అయినా తోలుబొమ్మలాటను గుర్తుచేసే నీడబొమ్మల ఘట్టాల కోసం, ఆ కోటల కట్టడం కోసం నేను దానిని రెండుసార్లు ఆడాను. మన హైదరాబాదులోనే తయారై 2009లో పీఎస్2కు వచ్చిన హనుమాన్: బాయ్ వారియర్ డిస్కో, బిళ్ళంగోడు, కబడ్డీ, గాలిపటాలు పెట్టిన దేశీ అడ్డా డిస్కో ఎవరి దగ్గరైనా దొరికితే జ్ఞాపకంగా దాచుకోండి, పీఎస్5లో మాత్రం అవి నడవవు.

పెద్ద ఆటల్లో రెండింటి దగ్గర కొంచెం నిలబడాలి, ఎందుకంటే ఎవరిని అడిగినా మొదట ఈ రెండే చెబుతారు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కథ 1899 నాటి అమెరికాలో జరుగుతుంది. ఆర్థర్ మోర్గన్ అనే దొంగ ఒక ఇంట్లో దూరి బల్ల డ్రాయరు తెరవాలంటే వంగుతాడు, డ్రాయరు లాగుతాడు, లోపలి డబ్బా చేతిలోకి తీసుకుంటాడు, సంచిలో వేసుకుంటాడు, డ్రాయరు మూస్తాడు. రెండో డ్రాయరుకు మళ్ళీ అదంతా మొదటినుంచి చేస్తాడు. గుర్రానికి మేత పెట్టి ఒళ్ళు రుద్దాలి, తుపాకీకి నూనె పట్టించాలి, గడ్డం రోజురోజుకూ పెరుగుతుంది. మంచుకొండల్లో సాగే మొదటి అధ్యాయమే రెండు గంటల దాకా పడుతుంది. ఈ నిదానమే ఆ ఆట గొప్పతనం. అయితే రాత్రి పదిన్నరకు నలభై నిమిషాలు చిక్కించుకుని కూర్చున్న మనిషికి, ఆ నలభై నిమిషాలూ గుర్రం మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికే సరిపోతే విసుగు రావడంలో వింత లేదు. వరుసగా పది రోజులు సెలవు చేతిలో ఉన్నప్పుడే దీనిని మొదలుపెట్టాలి.

2022 ఫిబ్రవరిలో వచ్చిన ఎల్డెన్ రింగ్ విషయం వేరు. దీనిని తయారుచేసిన ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ వారు సులభం, కష్టం అని ఎంచుకునే వీలు పెట్టలేదు. మొదటి గుహ దాటి వెలుతురులోకి రాగానే ఎదురుగా బంగారు కవచం తొడిగిన ఆశ్వికుడు పచార్లు చేస్తుంటాడు. కొత్తగా వచ్చినవాడు కత్తి దూసి మీదికి పోతాడు, రెండు దెబ్బల్లో చస్తాడు, మళ్ళీ పోతాడు, మళ్ళీ చస్తాడు. వాణ్ణి ఇప్పుడు చంపనక్కరలేదని, చెట్ల చాటున తప్పించుకుని పోయి బలం పెంచుకుని తిరిగి రావచ్చని ఆట నోటితో చెప్పదు. అలా చావనిచ్చి నేర్పుతుంది. ఆ పాఠం నాకు రెండో రోజుకు ఎక్కింది, మా తమ్ముడికి ఎక్కనే లేదు. ఓడినకొద్దీ పట్టుదల పెరిగే స్వభావమైతే ఇంతకన్నా మంచి ఆట ఈ దశాబ్దంలో రాలేదంటాను. ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు: మామూలు ఆటల్లో ఉన్నట్టు దీనిలో పాజ్ బటన్ లేదు. గ్యాస్ సిలిండరు అతను బెల్లు కొట్టినా, అమ్మ పిలిచినా, మెనూ తెరిచి ఉంచినా రాక్షసుడు కొడుతూనే ఉంటాడు. నలుగురు తిరిగే హాల్లో టీవీ ఉన్నవారు ఇది ఆలోచించుకోవాలి.

సెలవులూ లేక, అన్నిసార్లు చచ్చే ఓపికా లేక, అయినా విశాలమైన లోకం కావాలంటే ఘోస్ట్ ఆఫ్ సుషిమా కొనండి. 1274లో మంగోలులు దాడి చేసిన జపాను ద్వీపమది. దారి చూపడానికి తెర మూలలో బాణం గుర్తు ఉండదు. కంట్రోలరు మీది పలకను వేలితో పైకి తోస్తే గాలి వీస్తుంది, గడ్డి వంగిన వైపు పోవాలి. ఎన్నాళ్ళు ఆపి తిరిగి వచ్చినా గాలి ఎటు పోవాలో చెబుతుంది కనుక, దీనిని నేను ఆర్నెల్లు సాగదీసి కూడా పూర్తిచేయగలిగాను. ఇకి ద్వీపం కథ కూడా కలిసి ఉన్న డైరెక్టర్స్ కట్ పెట్టెనే అడిగి తీసుకోండి.

కథ నడిపించే ఆటలు కొనేముందు మీ సోఫాకూ టీవీకీ ఎంత దూరమో చూసుకోండి. తెలుగు అక్షరాలతో వచ్చిన పెద్ద కన్సోల్ ఆట నాకింతవరకు తారసపడలేదు. ఇంగ్లీషే చదువుకోవాలి, అదీ చిన్న అక్షరాల్లో. 2023లో పీఎస్5కు వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో మాటలే సగం ఆట, చదవకుండా దాటేస్తే ఏమీ మిగలదు. 2022లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌లో అక్షరాల పరిమాణం బాగా పెంచుకునే సౌకర్యముంది. మా నాన్నగారు కళ్ళజోడు లేకుండా పక్కన కూర్చుని కథ చూసిన ఆట అదొక్కటే.

ఇద్దరు ఆడేందుకైతే 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ ముందు నిలుస్తుంది. అది ఒంటరిగా ఆడటానికి వీలే లేని ఆట. ఒకరి చేతికి సుత్తి వస్తే రెండోవారి చేతికి మేకులు వస్తాయి. ఒకరు మేకు విసిరి గోడకు దిగ్గొడితే రెండోవారు సుత్తి తగిలించుకుని ఊగి దాటాలి. ఎప్పుడూ కంట్రోలరు పట్టనివారితో మొదటి సాయంత్రం కొంత ఓర్పు అవసరం. స్నేహితుడు వేరే ఊళ్ళో ఉంటే, ఒకరు కొంటే చాలు, రెండోవారు ఫ్రెండ్స్ పాస్ ఉచితంగా దించుకుని ఆడవచ్చు. క్రికెట్ కావాలన్నవారికి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు; మెల్‌బోర్న్‌కు చెందిన బిగ్ యాంట్ స్టూడియోస్ 2023లో తెచ్చిన క్రికెట్ 24 వంటి ఆట వైపే చూడవలసి వస్తుంది. అన్ని జట్ల హక్కులూ అందులో లేకపోవడం వల్ల ఊరూ పేరూ తెలియని ఆటగాళ్ళు దిగుతారు. ఆటను కొన్నవారు తయారుచేసి పెట్టిన జట్లను అందులోనే ఉచితంగా దించుకుంటే ఆ బాధ చాలావరకు తీరుతుంది. ఫుట్‌బాల్ ఆట ఏటా కొత్తది వస్తుంది కనుక పోయిన ఏటిది సెకండ్ హ్యాండులో కొనడమే తెలివి.

ఇక ఎప్పుడు కొనాలన్నది. ముందస్తు బుకింగు చేయవద్దు. సైబర్‌పంక్ 2077 సంగతి అందరికీ తెలిసిందే: 2020 డిసెంబరు 10న విడుదలైంది, పాత కన్సోళ్ళలో ఎంత అధ్వానంగా నడిచిందంటే ఎనిమిది రోజులకే సోనీ దానిని తన ఆన్‌లైన్ స్టోరు నుంచి తొలగించింది, మళ్ళీ 2021 జూనులో గానీ పెట్టలేదు. అదే ఆట 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ తరువాత పీఎస్5 మీద కొనదగిన మంచి ఆటల్లో ఒకటైంది. ఆగినవారికి తక్కువ ధరకు బాగుపడిన ఆట దక్కింది. మే నెలాఖరు నుంచి జూను దాకా నడిచే డేస్ ఆఫ్ ప్లే అనే సోనీ తగ్గింపు అమ్మకం, నవంబరులో బ్లాక్ ఫ్రైడే, మన దగ్గర దీపావళి ముందు వారాలు ధరలు తగ్గే కాలాలు. సోనీ చందా సేవ ప్లేస్టేషన్ ప్లస్‌లో ఎక్స్‌ట్రా అనే చందా కట్టేవారు, ఆ చందాతోనే ఆడుకోనిచ్చే ఆటల జాబితాను కొనేముందు ఒకసారి వెతకాలి. ఉన్న ఆటనే డబ్బు పెట్టి కొన్న ఘనత నాకుంది. స్టోరులో పొరపాటున కొంటే 14 రోజులలోపు, డౌన్‌లోడ్ మొదలుపెట్టకముందు రద్దు చేసుకోవచ్చు. మొదలైతే సాధారణంగా కుదరదు.

డిస్కు పెట్టే చోటున్న కన్సోల్ అయితే సెకండ్ హ్యాండే నా సలహా. డిస్కును అంచులు పట్టుకుని ట్యూబులైటు కింద ఏటవాలుగా తిప్పి చూడండి. ఈ ఆటలు వచ్చే బ్లూ-రే డిస్కులో సమాచారం ఉండే పొర, బొమ్మ లేని మెరిసే వైపు ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది. దాని మీద గట్టి పూత ఉంటుంది కనుక సన్నటి గీతలు అంత తేలికగా పడవు, లోతుగా పడిన గీత మాత్రం నేరుగా దెబ్బతీస్తుంది. మధ్య నుంచి అంచుకు పోయే గీత కన్నా డిస్కు చుట్టూ వలయంలా తిరిగిన గీత ఎక్కువ ప్రమాదం. కంప్లీట్ ఎడిషన్ అని పెట్టె మీద ఉంటే, ఆట వచ్చాక విడిగా అమ్మిన అదనపు కథ డిస్కులోనే ఉందా, లోపలి చీటీ మీది కోడ్ ద్వారా వస్తుందా అని తప్పక అడగండి. ఒక దుకాణంలో నేను అడగకుండా తెచ్చుకుంటే, ఆ కోడ్ అంతకుముందే ఎవరో వాడేసి ఉన్నారు.

అమెరికా నుంచి అన్నయ్యో బాబాయో తెచ్చే డిస్కులకు ఇంకో జాగ్రత్త ఉంది. డిస్కు ఇక్కడా చక్కగా ఆడుతుంది, కానీ దానికి తరువాత కొనే అదనపు కథ అదే ప్రాంతపు ఖాతాలో కొనాలి. డల్లాస్ నుంచి వచ్చిన ఎల్డెన్ రింగ్ డిస్కుకు 2024 నాటి అదనపు కథను నేను ఇండియా ఖాతాలో కొన్నాను. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు. పెట్టె ముందువైపు కింది మూలలో వయసును సూచించే అక్షరం ఉంటే అమెరికాది, 12, 16, 18 వంటి అంకె ఉంటే ఐరోపా పద్ధతిది, మన దుకాణాల్లో సాధారణంగా కనిపించేది ఇదే.

చోటు సంగతి క్లుప్తంగా: మొదటి తరం పీఎస్5లో 825 జీబీ అని చెప్పినా వాడుకోవడానికి మిగిలేది 667 జీబీ. రెడ్ డెడ్ ఒక్కటే నూరు జీబీ దాటుతుంది. పీఎస్4 ఆటలను బయటి హార్డ్ డిస్కులో పెట్టి అక్కడినుంచే ఆడవచ్చు, పీఎస్5 ఆటలను అందులో దాచుకోవచ్చు గానీ ఆడలేం.

కథ అయిపోయిన డిస్కును నెలలోపే అమ్మేయండి, ఆలస్యమైనకొద్దీ ధర పడిపోతుంది. నేను చివరిదాకా ఆడని ఆ తొమ్మిదింటిలో ఆరింటిని కూడా పోయిన నెల అమ్మి వదిలించుకున్నాను. రెడ్ డెడ్ మాత్రం ఉంచాను. ఈసారి సంక్రాంతికి తొమ్మిది రోజుల సెలవు పెట్టాను.