చిన్న గ్రాంట్‌కు అప్లికేషన్ రాయడం - 5వ పాఠం: అవసరం పేరా మళ్ళీ ఒకసారి, ఆ తర్వాత బడ్జెట్

ఈ పాఠంలో బడ్జెట్ మొదలుపెట్టాలి. మొదలుపెడతాం కూడా, కానీ చివర్లో, కొంచెమే. నాలుగో పాఠం తర్వాత మీరు రాసి పంపిన 'అవసరం' పేరాలు, అంటే ఈ గ్రాంట్ ఎందుకు కావాలో చెప్పే పేరాలు, అన్నీ చదివాను. ఆ పేరా సరిగ్గా కుదరకుండా అంకెల్లోకి దిగితే అంకెలు కూడా కుదరవు. అందుకే వెనక్కి వెళ్తున్నాం.

మీ క్రైస్తవ సంఘం మీద, మీ చుట్టుపక్కల మనుషుల మీద మీకున్న ప్రేమ ప్రతి కాగితంలోనూ కనిపించింది. అయితే చాలామంది ఒకే చోట తడబడ్డారు. "మా మందిరంలో మైక్ సెట్ లేదు." "సండే స్కూల్ పిల్లలకు కుర్చీలు లేవు." "పరిచర్యకు వాహనం లేదు." ఇవి కొనాల్సిన సామాను పట్టీ. అవసరం ఇంకా రాయలేదన్నమాట.

ఈ ఒక్క విషయం మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి సంఘాల అప్లికేషన్లు పక్కకు వెళ్ళిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. వస్తువు లేకపోవడమే అవసరం అని రాస్తే, వస్తువు కొనడంతో కథ అయిపోతుంది. ఎవరి జీవితంలో ఏం మారిందని గ్రాంట్ ఇచ్చినవాళ్ళు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. "మైక్ కొన్నాం, రశీదు జతపరిచాం" అని రాసి ఊరుకోవాలి. పైగా గ్రాంట్ చిన్నది, గడువు ఏడాది. ఏడాది తర్వాత డబ్బు ఉండదు. మైక్ కొన్నాళ్ళకు పాడవుతుంది. పని నేర్చుకున్న మనుషులు మాత్రం సంఘంలో ఉంటారు. చిన్న గ్రాంట్‌ను మనుషుల మీద ఖర్చు పెట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.

మైక్ సంగతే తీసుకుందాం. ఎవరికి వినబడటం లేదు? వెనక వరసల్లో కూర్చునే పెద్దవాళ్ళకు. వెనకే ఎందుకు కూర్చుంటున్నారు? మధ్యలో లేచి బయటికి వెళ్ళాల్సి వస్తుంది, తలుపు అటువైపే ఉంది. వినబడకపోతే ఏం చేస్తున్నారు? కొంతకాలం ఓపిక పట్టి, తర్వాత ఆదివారం రావడం తగ్గించేస్తున్నారు. రానివాళ్ళ ఇంటికి ఎవరు వెళ్తున్నారు? పాస్టర్ గారు ఒక్కరే, వీలు చిక్కినప్పుడు. చుట్టుపక్కల ఇళ్ళలో, మన సంఘానికి రానివాళ్ళలో, ఇలాంటి వృద్ధులు ఉన్నారా? ఉన్నారు, కానీ వాళ్ళను పలకరించినవాళ్ళు లేరు.

ఇప్పుడు రాయండి: "మా సంఘంలోనూ మా వీధుల్లోనూ వినికిడి, నడక తగ్గిన వృద్ధులు నలుగురికీ దూరమైపోతున్నారు. వాళ్ళను క్రమం తప్పకుండా కలిసే బాధ్యత ఒక్క పాస్టర్ గారి మీదే ఉంది." ఈ రెండు వాక్యాల్లో ఏ వస్తువూ లేదు. కానీ చేయాల్సిన పని కళ్ళకు కడుతోంది. పదిమంది విశ్వాసులకు వృద్ధుల్ని కలవడంలో శిక్షణ ఇవ్వడం, రెండు వారాలకోసారి ఇళ్ళకు వెళ్ళడం, వినికిడి పరీక్ష ఏర్పాటు చేయడం, నెలకోసారి నడవలేనివాళ్ళ ఇంటి దగ్గరే చిన్న ఆరాధన పెట్టడం. ఈ పట్టీలో మైక్ కూడా రావచ్చు, ఐదో వరుసలోనో ఆరో వరుసలోనో.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్తాను. డబ్బు అక్కర్లేని పని ఏదైనా కనిపిస్తే దాన్ని ఈ ఆదివారమే చేయిస్తాను. పక్క తలుపు దగ్గర, వేదికకు దగ్గరగా రెండు వరసలు పెద్దవాళ్ళకు వదిలేయమంటాను. తర్వాత అప్లికేషన్‌లో "ఇది ఇప్పటికే మొదలుపెట్టాం" అని రాయిస్తాను. డబ్బు కోసం ఎదురుచూడకుండా కదిలిన సంఘాన్ని చదివేవాళ్ళు నమ్ముతారు.

వాహనం విషయంలోనూ ఇదే వరస. ఎవరు ఎక్కడికి వెళ్ళలేకపోతున్నారో తేలాలి. తేలాక చాలాసార్లు సొంత బళ్ళున్న విశ్వాసులు వంతులు వేసుకుంటే సరిపోతుంది, గ్రాంట్ నుంచి ఇంధనం ఖర్చు అడిగితే చాలు. బండి కొంటే ఇన్సూరెన్స్, రిపేర్లు, డ్రైవర్ జీతం ఏడాది తర్వాత కూడా సంఘం కానుకల్లోంచే పోవాలి. కుర్చీల గురించి వేరే చెప్పను.

కొందరు దీనికి పూర్తిగా అటు చివర రాశారు: "యువత దారి తప్పుతోంది, సమాజాన్ని మార్చాలి." అది చిన్న గ్రాంట్‌కు మించిన భారం. మీకు ముఖాలు తెలిసిన పన్నెండు మంది యవ్వనస్థుల గురించి రాయండి. దేశం మొత్తం లెక్కలు ఎక్కడినుంచో తెచ్చి అతికించకండి. మీ వీధిలో మీరే తిరిగి లెక్కపెట్టిన సంఖ్య చిన్నదైనా దానికే బలం ఎక్కువ.

ఈ పేరా రాయడం నేర్చుకోవడానికి నేను ఎప్పుడూ తెరిచేది బైబిల్లోని నెహెమ్యా గ్రంథం, మొదటి రెండు అధ్యాయాలు. నెహెమ్యా పారసీక రాజు కొలువులో పనిచేసే యూదుడు. యెరూషలేము గోడ కూలిందని, గుమ్మాలు కాలిపోయాయని షూషను కోటలో ఆయన విన్నది కిస్లేవు నెలలో. రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. మధ్యలో నాలుగు నెలలు ప్రార్థన, ఉపవాసం. రాజు ఎందుకు దిగులుగా ఉన్నావని అడిగితే, "మాకు కలప లేదు" అనలేదు. తన పితరుల సమాధులున్న పట్టణం పాడైపోయిందన్నాడు. నీకేం కావాలని అడిగితే, తనను పంపమన్నాడు. ఎన్నాళ్ళు పడుతుంది, ఎప్పుడు తిరిగి వస్తావని రాజు అడిగితే గడువు చెప్పాడు. ఆ తర్వాతే తాకీదులు, అంటే దారిలో అనుమతి ఇమ్మనే ఉత్తరాలు, అడిగాడు. అన్నిటికంటే చివర, రాజు అడవిని కాసే ఆసాపు దగ్గరనుంచి కలప, అదీ మూడు పనుల కోసం: కోట గుమ్మాలకు, పట్టణపు గోడకు, తాను ఉండబోయే ఇంటికి. బాధ, పని, గడువు, అనుమతి, సామాను. ఈ వరసను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. సామాను ఎన్నో స్థానంలో ఉందో చూడండి.

యెరూషలేము చేరాక కూడా మూడు రోజులు ఊరుకుని, రాత్రిపూట కొద్దిమందితో వెళ్ళి గోడను స్వయంగా చూసొచ్చాడు. పెద్దలతో మాట్లాడింది ఆ తర్వాతే. మూడో అధ్యాయంలో చాలామంది ఎవరి ఇంటి ఎదురుగా ఉన్న గోడను వాళ్ళే బాగుచేసుకున్నారు. బడ్జెట్ దగ్గర ఇది మళ్ళీ పనికొస్తుంది.

ఇంకొక సంగతి. సంఘాన్ని బలపరచడం ఒక పని, బయటివాళ్ళకు సేవ చేయడం ఇంకొక పని అని రెండు పేరాలుగా విడగొట్టి రాశారు చాలామంది. పై వృద్ధుల ఉదాహరణలో ఆ రెండూ ఒకే పని. శిక్షణ తీసుకున్న పదిమంది విశ్వాసులు బలపడతారు, ఇంట్లో ఒంటరిగా ఉన్న పక్కింటి పెద్దాయనకు పలకరింపు దొరుకుతుంది. ఒకే పనితో ఈ రెండూ జరిగేలా ఆలోచించండి.

అయితే డబ్బు ఎవరిదో చూసుకోవాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లో కాల్విన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రిస్టియన్ వర్షిప్ ఉంది. లిల్లీ ఎండోమెంట్ అనే దాతృత్వ సంస్థ సాయంతో 2000 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. దాని దృష్టి అంతా ఆరాధన మీద. అలాంటి చోటికి ఆహార పంపిణీ గురించి రాస్తే, ఎంత మంచి పనైనా పక్కన పెడతారు. ప్రభుత్వ నిధులైతే దీనికి ఎదురు. వాటిని సాధారణంగా ఆరాధనకు, బోధనకు వాడనివ్వరు. సేవకు మాత్రమే ఇస్తారు, మతం చూడకుండా అందరికీ చేయమంటారు. అలాంటి నిధి తీసుకుంటే సేవ జరిగే వేళ, ఆరాధన జరిగే వేళ వేరుగా ఉంచి, ఆ సంగతి అప్లికేషన్‌లోనే రాయండి. డబ్బు వేరే దేశం నుంచి వస్తుంటే ముందు మీ దేశపు చట్టం కనుక్కోండి, తర్వాతే కలం పట్టండి.

ఇక బడ్జెట్. రిజిస్ట్రేషన్ కాగితాలు, సంఘం పేరున బ్యాంకు ఖాతా, కమిటీ తీర్మానం మీ దగ్గర ఉండే ఉంటాయి, వాటిని వదిలేస్తున్నాను.

ప్రతి వరుసలో మూడు అంకెలు ఉండాలి: ఒక్కసారికి ఎంత, ఎన్నిసార్లు, మొత్తం ఎంత. 'శిక్షణ ఖర్చు' అని ఒక పెద్ద అంకె వేసి వదిలేయకండి. శిక్షకుడికి ఇచ్చేది, పుస్తకాలకు అయ్యేది విడివిడిగా చూపించండి. 'ఇతరములు' అనే వరుస నాకు నచ్చదు, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ దాన్ని రాయరు. సామాను మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు దాటితే బడ్జెట్‌ను సరిచేయకండి, అవసరం పేరాకు వెనక్కి వెళ్ళండి. తప్పు అక్కడే ఉంటుంది.

సంఘం పెట్టేది కూడా లెక్క కట్టండి. విశ్వాసులు ఇచ్చే గంటలు, మందిరం హాలు, సొంత బళ్ళు. నెహెమ్యా మూడో అధ్యాయంలో పేరుపేరునా రాసి ఉన్నది ఇలాంటి లెక్కే. డబ్బు విలువ కట్టడానికి మొహమాటపడొద్దు.

వచ్చిన డబ్బుకు వేరే లెక్క పుస్తకం, చెక్కు మీద రెండు సంతకాలు. యెరూషలేము పరిశుద్ధుల కోసం, అంటే అక్కడి విశ్వాసుల కోసం, పోగుచేసిన చందా విషయంలో అపొస్తలుడైన పౌలు తన తోటి పనివాడు తీతుతో పాటు ఇంకో ఇద్దరు సహోదరుల్ని పంపాడు, ఎవరూ తప్పు పట్టే వీలు లేకుండా ఉండాలని. బైబిల్లో కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం మీ కోశాధికారి గారితో కూర్చుని చదవండి. పాస్టర్ గారు ఒక్కరే అప్లికేషన్ రాయడం, లెక్కలు చూడటం నాకు ఇష్టం ఉండదు. ఆయన మీద ఇప్పటికే ఉన్న భారం చాలు. స్త్రీల సమాజం నుంచి ఒకరిని, యవ్వనస్థుల్లో ఒకరిని మొదటిరోజు నుంచే కూర్చోబెట్టుకోండి.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. వచ్చే పాఠం లోపు పదిమందితో మాట్లాడండి. ఐదుగురు, ఈ మధ్య మీ సంఘానికి రావడం మానేసినవాళ్ళు. ఐదుగురు, మందిరం చుట్టుపక్కల ఉంటూ ఎప్పుడూ లోపలికి అడుగుపెట్టనివాళ్ళు. గ్రాంట్ అన్న మాట ఎత్తకండి, ఎత్తితే కోరికల పట్టీ వస్తుంది. రండి అని పిలవకండి కూడా, ఆ రోజు వినడానికే వెళ్ళండి. వాళ్ళన్నది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. పేర్లు మాత్రం మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి, అప్లికేషన్‌లోకి రాకూడదు.

తర్వాత అవసరం పేరా ఐదు వాక్యాల్లో రాయండి. ఒక్క వస్తువు పేరు కూడా ఉండకూడదు. దాన్ని సంఘానికి సంబంధం లేని ఒకరికి చదివి వినిపించి, ఏం అర్థమైందో చెప్పమనండి. వాళ్ళు మనుషుల గురించి చెప్తే పేరా కుదిరింది. సామాను గురించి చెప్తే మళ్ళీ రాయండి.

అది కుదిరాకే ఆరు వరుసల బడ్జెట్ వేయండి. నాకు రెండూ ఒకే కాగితం మీద పంపండి, ముందువైపు పేరా, వెనకవైపు అంకెలు. ఆరో పాఠంలో మీ బడ్జెట్లలోంచి మూడు తీసుకుని, ఒక్కో వరుసనూ కలిసి చూద్దాం.