కర్వ్‌డ్ గేమింగ్ మానిటర్ కొంటున్నారా, ముందు టేపు పట్టుకోండి

కర్వ్‌డ్ మానిటర్ కొందామనుకునే తమ్ముళ్లు ముందు అడిగేది ఒకటే, "అన్నా, ఎన్ని హెర్ట్జ్‌ది తీసుకోమంటావ్?" హెర్ట్జ్ అంటే స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క, దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు కుర్చీలో రోజూ ఎట్లా కూర్చుంటారో అట్లనే కూర్చొని, మీ కంటి నుంచి స్క్రీన్ పెట్టబోయే చోటు దాకా ఎంత దూరముందో టేపుతో కొలవండి. వంపు మీకు పనికొస్తుందా లేదా అన్నది ఆ దూరాన్ని బట్టే తేలుతుంది.

డబ్బా మీద 1000ఆర్, 1500ఆర్, 1800ఆర్ అని రాసి ఉంటుంది కదా, అది మిల్లీమీటర్లలో చెప్పే వ్యాసార్ధం. 1000ఆర్ అంటే ఆ వంపును అట్లనే పొడిగిస్తే మీటరు వ్యాసార్ధమున్న గుండ్రం అవుతుంది. అంకె చిన్నదైతే వంపు ఎక్కువ. మీరు టేపుతో కొలిచిన దూరాన్ని పోల్చుకోవాల్సింది ఈ వ్యాసార్ధంతోనే. నమ్మకం కుదరకపోతే మీటరు దారానికి చాక్‌పీస్ కట్టి గచ్చు మీద 80 సెంటీమీటర్ల వెడల్పున గీసి చూడండి, 34 అంగుళాల అల్ట్రావైడ్ (మామూలు దానికన్నా బాగా వెడల్పైన స్క్రీన్) వెడల్పు దాదాపు అంతే ఉంటుంది. రెండు కొసలను కలుపుతూ తిన్నగా ఇంకో గీత గీస్తే నడిమిట్ల 8 సెంటీమీటర్ల లోతు కనిపిస్తుంది. అదే వెడల్పుకు 1800ఆర్ అయితే లోతు నాలుగున్నర సెంటీమీటర్లే. ఇక 27 అంగుళాల మామూలు స్క్రీన్ వెడల్పు 60 సెంటీమీటర్లు, దానికి 1800ఆర్ వంపు ఇస్తే లోతు రెండున్నర సెంటీమీటర్లు. అంత చిన్న వంపు కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం. 27 అంగుళాలే కావాలనుకుంటే ఫ్లాట్ తీసుకొని, మిగిలిన డబ్బుతో మంచి ప్యానెల్‌కు, అంటే బొమ్మ కనిపించే అసలు తెర మంచిదున్న దానికి వెళ్లండి. వంపుకు అసలు విలువ 32 దాటినప్పుడు మొదలై, 34 అల్ట్రావైడ్‌లో బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఫ్లాట్‌గా ఉంటే అంత వెడల్పు స్క్రీన్ అంచులు కంటికి ఏటవాలుగా, దూరంగా పడతాయి.

ఇప్పుడు టేబుల్. మన దగ్గర చాలామంది ఇళ్లలో ఉండే కంప్యూటర్ టేబుల్ లోతు రెండడుగులు. పెద్ద కర్వ్‌డ్ మానిటర్ల స్టాండ్ కాళ్లు వెడల్పుగా చాపుకొని ఉంటాయి, అవి ముందుకొచ్చేసరికి కీబోర్డుకే చోటు ఉండదు, స్క్రీన్ మొహం మీదికొచ్చినట్టు ఉంటుంది. కార్పెంటర్‌తో కొత్త టేబుల్ చేయిస్తుంటే లోతు రెండున్నర అడుగులు పెట్టించండి. లేదంటే స్టాండ్ బదులు స్క్రీన్‌ను పట్టుకునే మానిటర్ ఆర్మ్ బిగించుకోవచ్చు, కానీ మానిటర్ వెనకాల ఆర్మ్ బిగించే వెసా రంధ్రాలున్నాయో లేవో, ఆర్మ్ ఎన్ని కిలోలు మోస్తుందో ముందే చూసుకోండి.

తర్వాత గ్రాఫిక్స్ కార్డు. ఫుల్ హెచ్‌డీ అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్, 2560×1440 అంటే 36.9 లక్షలు, అల్ట్రావైడ్ 3440×1440 అంటే 49.5 లక్షలు. అంటే ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 100 ఫ్రేములు (బొమ్మలు) ఇచ్చే కార్డు అల్ట్రావైడ్‌లో అంతే ఇవ్వదు, అది దాదాపు రెండున్నర రెట్లు పిక్సెల్స్ గీయాలి. కార్డు పాతదైతే మానిటర్ ఒక్కటే మార్చి లాభం లేదు. ధర తక్కువని 32 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ మాత్రం తీసుకోవద్దు, అక్షరాలు బరకగా కనిపిస్తాయి.

మీరు ఆడే గేములేంటో కూడా చూసుకోండి. కార్ రేసింగ్, ట్రక్ సిమ్యులేటర్ ఆడేవాళ్లకు అల్ట్రావైడ్ చాలా బాగుంటుంది, పక్క అద్దాలు, మలుపు లోపలి అంచు కూడా కనిపిస్తాయి. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడేవాళ్లకు మాత్రం ఆ అదనపు వెడల్పులో అదనంగా ఏమీ కనిపించదు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్) కోసం అల్ట్రావైడ్ కొంటానంటే గట్టిగా వద్దన్నాను. పీఎస్5 అల్ట్రావైడ్ కొలతను సపోర్ట్ చేయదు, అటూ ఇటూ నల్ల పట్టీలే మిగులుతాయి. కన్సోల్‌కు మామూలు 16:9 కొలత, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉన్నదే సరైనది.

ప్యానెల్ దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువమంది ఇక్కడే చూసుకోరు. కర్వ్‌డ్‌లో ఎక్కువగా వచ్చేది వీఏ అనే రకం ప్యానెల్. నలుపు చిక్కగా ఉంటుంది, కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా) సాధారణంగా 3000:1 వరకు ఉంటుంది, ఐపీఎస్ అనే ఇంకో రకంలో అది 1000:1 దగ్గర. రాత్రిపూట లైటు ఆపుకొని ఆడేవాళ్లకు ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కానీ చవక వీఏలో ముదురు రంగులు మారడం నెమ్మది, చీకటి సీన్‌లో కెమెరా గబుక్కున తిప్పితే వస్తువుల వెనక నల్లటి గీత సాగుతుంది. డబ్బా మీద రంగు మారే సమయం ఒక మిల్లీసెకండ్ అని ఉన్నా ఇది పోదు. షాపులో వేసి చూపించే వీడియోలు మెరిసిపోయే పూలూ పక్షులే కాబట్టి వాటిలో ఇది తెలియదు. మీరే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద బూడిదరంగు అక్షరాలున్న పేజీ తెరిపించి వేగంగా కిందికీ పైకీ స్క్రోల్ చేయండి, అక్షరాలు ఎంత అలుక్కుపోతాయో కళ్లారా చూసి నిర్ణయించుకోండి. ఓలెడ్ అనే మరో రకం ప్యానెల్‌లో ఈ బాధ లేదు, బొమ్మ అద్భుతంగా ఉంటుంది, కానీ ఒకే గేమ్ మ్యాపు, టాస్క్‌బారు రోజంతా ఒకే చోట నిలిచి ఉంటే తెర మీద దాని అచ్చు శాశ్వతంగా పడే ప్రమాదం ఉంది. అదే సిస్టమ్ మీద ఆఫీసు పని కూడా చేసేవాళ్లకు నేను ఓలెడ్ చెప్పను.

హెర్ట్జ్ 144 నుంచి 180 మధ్య ఉంటే చాలామందికి సరిపోతుంది. స్క్రీన్ వేగాన్ని కార్డు ఇచ్చే ఫ్రేములతో కలిపే ఫ్రీసింక్ లేదా జీసింక్ తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆ రెండూ కలవనప్పుడు బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనిపించొచ్చు.

నల్లగొండలో గడియారం సెంటర్ చుట్టుపక్కల షాపుల్లో అడిగితే మోడల్ తెప్పిస్తారు గానీ, ఆన్ చేసి చూపించేలా పెట్టినవి తక్కువ. పది రకాలు పక్కపక్కన పెట్టి చూడాలంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఒకసారి వెళ్లి రావడం మంచిది. కొన్నా కొనకపోయినా కంటికి ఏది నప్పిందో తెలుస్తుంది. బస్సులో తెచ్చుకుంటే డబ్బాను నిలబెట్టే తేవాలి, పడుకోబెట్టి పైన బ్యాగులు పెట్టనీయొద్దు. సర్వీస్ ఇంటికొచ్చి చేస్తారా, హైదరాబాద్ మోసుకెళ్లాలా అన్నది బిల్లు కట్టకముందే అడగండి. డెడ్ పిక్సెల్ (వెలగకుండా పోయిన చుక్క) ఒకటి రెండుంటే మార్చని కంపెనీలు చాలా ఉన్నాయి, ఆ రూలు కూడా అడగాలి.

గదిలో కూలర్ గాలి నేరుగా మానిటర్‌కు కొట్టేలా పెట్టొద్దు. మన బోరు నీళ్లలో ఉప్పెక్కువ, తుంపర పడి ఆరితే స్క్రీన్ మీద తెల్ల చుక్కలు నిలుస్తాయి, వాటిని గట్టిగా రుద్దితే పైపూత పోతుంది. కిటికీ మీ వీపు వెనక ఉంటే వంపు స్క్రీన్ మీద ఆ వెలుగు పొడవుగా సాగి కనిపిస్తుంది, టేబుల్‌ను పక్కకు తిప్పండి. ఎండాకాలం కరెంటు వచ్చిపోతుంటుంది కాబట్టి యూపీఎస్ కావాలి, కానీ యూపీఎస్ మీద 600 వీఏ (ఇది ప్యానెల్ వీఏ కాదు, కరెంటు సామర్థ్యం కొలత) అంటే దాదాపు 360 వాట్లే, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఫుల్ లోడులో ఉంటే అది ఆపలేదు. కనీసం 1000 వీఏ చూడండి.

ఇంటికి తెచ్చాక పట్టీలు విప్పడం నుంచే వీడియో తీయండి. స్క్రీన్‌ను వేళ్లతో నొక్కకుండా, వెనక నుంచి స్టాండ్ పట్టుకుని ఎత్తండి. కేబుల్ మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి, డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే వాడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు రంగులు ఒక్కొక్కటీ ఫుల్ స్క్రీన్‌లో వేసి చుక్కలేమన్నా ఉన్నాయేమో వెతకండి. విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్ మీదే ఆగిపోతుంది, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు వెళ్లి రిఫ్రెష్ రేట్ మీరే మార్చాలి. డబ్బా, లోపలి థర్మోకోల్ వారంటీ అయ్యేదాకా అటక మీద పెట్టండి, వంపు స్క్రీన్‌ను సర్వీస్‌కు పంపాలంటే అదే అచ్చులో పెట్టి పంపాలి.