చూడగానే అర్థమయ్యే చార్ట్ గీయడం ఎలా?

ఎక్సెల్ తెరవకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి: ఈ చార్ట్ చూసినవాళ్లకు ఏం తెలియాలి? ఉదాహరణకు 2011 జనగణనలోని అక్షరాస్యత శాతాలు తీసుకుందాం. కేరళ 94, తమిళనాడు 80.1, కర్ణాటక 75.4, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 67. వీటిని బట్టి మనం చెప్పేది "మిగతా దక్షిణాది రాష్ట్రాలకన్నా ఆంధ్రప్రదేశ్ వెనకబడింది" అని. ఆ వాక్యాన్నే శీర్షికగా పెట్టండి. "రాష్ట్రాలవారీ అక్షరాస్యత" అని పెడితే అసలు సంగతి వెతుక్కోవడం చదివేవాళ్ల పనవుతుంది.

ఇలాంటి పోలికకు బార్ చార్ట్ సరైనది. 1991లో 44.1, 2001లో 60.5, 2011లో 67 అంటూ ఒకే రాష్ట్రంలో మార్పు చూపాలంటే లైన్ చార్ట్ వాడాలి. వృత్తాన్ని ముక్కలుగా చూపే పై (pie) చార్ట్ ఇక్కడ అస్సలు పనికిరాదు. అది ఒకే మొత్తంలోని వాటాలు చూపడానికి. ఈ నాలుగు శాతాలూ కలిపితే 316 దాటుతుంది, ఆ మొత్తానికి అర్థమే లేదు.

పట్టికలో రాష్ట్రాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చండి. అడ్డ బార్లలో ఎక్సెల్ మొదటి వరసను అడుగున పెడుతుంది కాబట్టి కేరళ పైకి వస్తుంది. తర్వాత పట్టిక సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్‌లో 2-డి బార్ ఎంచుకోండి. నిలువు బార్లయితే పొడవాటి పేర్లు ఏటవాలుగా పడతాయి. తెలుగు వత్తులు, గుణింతాలు అలా వాలితే చదవడం కష్టం. 3-డి జోలికి పోవద్దు, బార్ ఎక్కడ ముగిసిందో తెలియదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది అంకెల యాక్సిస్, అంటే కొలత అంకెలుండే గీత. దాన్ని 60 దగ్గర మొదలుపెడితే ఆంధ్రప్రదేశ్ బార్ పొడవు 7, కేరళది 34. అంటే దాదాపు అయిదు రెట్లు! నిజమైన తేడా 1.4 రెట్లే. బార్ చార్ట్‌లో కన్ను కొలిచేది పొడవునే కాబట్టి సున్నా తప్పనిసరి. అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే సున్నాను వదిలేస్తుంది. అందుకే యాక్సిస్ మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ యాక్సిస్‌లో మినిమమ్ దగ్గర 0 అని మీరే టైప్ చేయండి. లైన్ చార్ట్‌కు ఈ పట్టింపు అంతగా లేదు. అక్కడ చూసేది గీత వాలు.

ఇక శుభ్రం చేయడం. బార్ల పక్కన డేటా లేబుల్స్ (అంకెలు) పెట్టి, గ్రిడ్‌లైన్లు (వెనకుండే గీతలు), లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే పెట్టె) తీసేయండి. గ్యాప్ విడ్త్ (బార్ల మధ్య ఖాళీ) 50 శాతానికి తగ్గిస్తే బార్లు నిండుగా కనిపిస్తాయి. అన్నిటికీ బూడిద రంగు వేసి, ఆంధ్రప్రదేశ్ బార్ మీద మరోసారి క్లిక్ చేసి దానికి మాత్రం ముదురు నీలం ఇవ్వండి. ఎరుపు, ఆకుపచ్చ జంటగా వాడకండి; వాటి తేడా తెలియనివాళ్లు చాలామందే ఉంటారు.

కింద చిన్న అక్షరాల్లో "భారత జనగణన 2011, ఏడేళ్లు, ఆపై వయసువారు, తెలంగాణతో కూడిన ఉమ్మడి రాష్ట్రం" అని రాయాలి. ఇది లేకపోతే 67 ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌దే అనుకుంటారు.

పంపేముందు చార్ట్‌ను ఫోన్‌లో తెరిచి చూడండి. వత్తులు అలుక్కుపోయినట్టుంటే అక్షరాల సైజు పెంచి మళ్లీ సేవ్ చేయండి.