దుప్పటి కప్పుకున్నా చలి ఆగడం లేదా? కొత్తది కొనే ముందు చూడాల్సినవి

టెంట్‌లోనో ఆరుబయటో ఒక రాత్రి వణికి వచ్చినవాళ్లు మర్నాడు చేసే మొదటి పని ఇంకా మందపాటి రగ్గు కోసం వెతకడం. వాళ్లు పక్కన పడేసిన రగ్గును తీసి చూస్తే చాలాసార్లు అందులో ఏ లోపమూ ఉండదు. "కింద ఏం వేసుకున్నారు?" అని అడిగితే మాత్రం సమాధానం రాదు. లేదంటే "టెంట్‌కి అడుగు ఉంది కదండీ" అంటారు. టెంట్ అడుగు తడిని ఆపుతుంది, చలిని ఆపదు.

దుప్పటి వేడిని పుట్టించదు. పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలితో మీ ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, అంతే. ఆ గాలి నలిగిపోయినా, బయటికి పోయినా, దాని చోట నీరు చేరినా ఎంత ఖరీదైన దుప్పటైనా పని చేయదు. రాత్రి చలి గురించి వచ్చే ఫిర్యాదులు దాదాపు అన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని నుంచి వచ్చేవే.

పైన వెచ్చగానే ఉంది, వీపూ తుంటీ మాత్రం చల్లబడుతున్నాయి

కారణం నేల. దయచేసి అన్నిటికంటే ముందు దీన్నే చూడండి. చలి వేస్తున్నప్పుడే అరచేతిని వీపు కిందకి జొనిపి, కాసేపు నేల వైపు ఆనించి ఉంచండి. చెయ్యి చల్లబడితే మీ వేడి అటే పోతోందని అర్థం. దానికి పైన ఇంకో రగ్గు వేసి లాభం లేదు.

"రగ్గునే రెండు మడతలు పెట్టి కింద వేసుకున్నాను" అనేవాళ్లు కూడా ఉంటారు. మీ బరువు పడగానే ఆ మడతల్లోని గాలంతా బయటికి పోయి రగ్గు పలచటి గుడ్డలా మిగులుతుంది. కింద వేసుకునేది బరువుకు నలగనిదై ఉండాలి. అందుకే ఒకదానిలోకి ఒకటి తెరుచుకోని చిన్న చిన్న గాలి గదులుండే ఫోమ్ మ్యాట్ వాడమనేది. మ్యాట్ల మీద 'ఆర్-వాల్యూ' అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే నేల చలిని అంత ఆపుతుంది. 2018లో వచ్చిన ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం ప్రకారం కొలిచిన అంకె అయితే ఒక కంపెనీ మ్యాట్‌ను ఇంకో కంపెనీ మ్యాట్‌తో ధైర్యంగా పోల్చుకోవచ్చు. మామూలు ఫోమ్ మ్యాట్ 2 దగ్గర ఉంటుంది, వెచ్చటి రాత్రులకు చాలు. గట్టి చలికి 4 కావాలి, మంచు మీద పడుకోవాలంటే 5 దాటాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ అంకెలు కలుస్తాయి కాబట్టి రెండు మామూలు మ్యాట్లు ఉంటే కొత్తది కొనక్కర్లేదు.

గాలి నింపే ఎత్తైన పరుపులతో జాగ్రత్త. మెత్తగా ఉంటాయి, ఫొటోల్లో బాగుంటాయి. కానీ లోపలంతా ఖాళీ కావడంతో అందులో గాలి తిరుగుతూ మీ వేడిని కిందకి మోసుకుపోతుంది. అలాంటిదే ఉంటే దాని మీద ఒక ఫోమ్ మ్యాట్ పరచండి. మ్యాటూ రగ్గూ రెండూ కొనేంత డబ్బు లేకపోతే ముందు మ్యాట్ కొనండి. రగ్గు లోటును రెండు స్వెట్టర్లతో సర్దుకోవచ్చు, మ్యాట్ లోటును సర్దుకోవడం చాలా కష్టం.

పక్కకు తిరిగినప్పుడల్లా చల్లగాలి లోపలికి వస్తోంది

దుప్పటి చాలినంత వెడల్పు లేదు. స్లీపింగ్ బ్యాగ్‌లా దీనికి అన్ని వైపులా మూత ఉండదు, అంచులు శరీరం కిందకి మడుచుకుంటేనే వెచ్చదనం నిలుస్తుంది. కొనేముందు నేల మీద పడుకుని, కప్పుకుని, రెండు వైపులకూ తిరిగి చూడండి. అంచు పైకి లేస్తే అది మీకు చిన్నది. పొడవు కూడా మీ ఎత్తుకన్నా ఒక అడుగైనా ఎక్కువ ఉండాలి, పాదాల కింద మడవడానికి. ఇద్దరికి ఒక దుప్పటి అనేది చలి రాత్రుల్లో నేను ఒప్పుకోను. ఇద్దరి మధ్య ఏర్పడే సందులోంచే వేడి పోతుంది.

ఫ్లీస్, అంటే పాలిస్టర్‌తో చేసిన మెత్తటి నూగు గుడ్డ రగ్గులది ఇంకో సంగతి. గాలి లేనిచోట హాయిగా ఉంటాయి, గాలి వీస్తే మాత్రం అది వాటి గుండా నేరుగా దూసుకొస్తుంది. ఫ్లీస్ మీద ఆవిరిని పోనిచ్చే పలచటి నైలాన్ షీట్ ఒకటి వదులుగా కప్పితే తేడా వెంటనే తెలుస్తుంది.

మొదటి రాత్రి బాగానే ఉంది, రెండో రాత్రి అదే దుప్పటిలో చలి

అదే మనిషి, అదే మ్యాట్, వాతావరణమూ అలాగే ఉంది. అయినా రెండో రాత్రి నిద్ర పట్టదు, మూడో రాత్రికి టెన్షన్ మొదలవుతుంది. అనుభవం ఉన్నవాళ్లను కూడా తిప్పలు పెట్టేది ఇదే. నన్నూ చాలా పెట్టింది. దుప్పటి ముట్టుకుంటే పొడిగానే అనిపిస్తుంది కాబట్టి అనుమానం దాని మీదకు పోదు. అలసిపోయామనో, ఒంట్లో బాగోలేదనో అనుకుంటాం.

కారణం తేమ. వానో మంచో కానక్కర్లేదు, మీ ఒంట్లోంచి వచ్చిన తేమే. చెమట పట్టినట్టు తెలియకుండానే చర్మం నుంచీ ఊపిరి నుంచీ మనిషికి రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు ఆవిరిగా పోతుంది. రాత్రి వాటాలో కొంత ఆ దుప్పటిలోంచే బయటికి పోవాలి. లోపలి వైపు వెచ్చగా ఉంటుంది, బయటి వైపు చల్లగా ఉంటుంది. చల్లటి అద్దం మీద ఊదితే ఎలా మసకబారుతుందో, ఆ ఆవిరి దుప్పటి పై పొర దాకా వచ్చి అక్కడ అలాగే నీరవుతుంది. పొద్దున్నే లేచి హడావిడిగా దాన్ని సంచిలో కుక్కేస్తాం. రోజంతా ఆ తేమ లోపలే ఉండి దుప్పటంతా పాకుతుంది. సాయంత్రం తీసేసరికి పోగులు ఒకదానికొకటి అంటుకుని మునుపటిలా ఉబ్బవు. నీరు నిశ్చలమైన గాలికన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది కాబట్టి కొద్ది తేమ చాలు, రాత్రి పాడవడానికి.

ఇది తేమేనని తేల్చుకునే మార్గం ఒకటుంది. ఇంట్లో బాగా ఎండిన దుప్పటిని లగేజీ తూకానికి తగిలించి బరువు రాసిపెట్టుకోండి. ప్రయాణంలో పొద్దున సంచిలో పెట్టేముందు మళ్లీ తూచండి. పెరిగిన ప్రతి గ్రామూ నీరే. తూకం లేకపోతే, డౌన్ అంటే బాతు ఈకల నూగు నింపిన దుప్పటిని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. నూగు పరుచుకుని ఉండాల్సిన గదుల్లో అక్కడక్కడా ఉండలు, వాటి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. ఛాతీ మీద ఉండే భాగం, పాదాల చివర, ఈ రెండూ తప్పకుండా చూడండి.

తేమ ఎక్కడి నుంచి ఎక్కువగా చేరుతోందో కనిపెట్టాలి. చలేస్తే ముఖం దుప్పటిలోకి దూర్చి ఊపిరి వదలడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. కాసేపు వెచ్చగా ఉంటుంది, తెల్లారేసరికి మెడ దగ్గరంతా తడి. ముఖం బయటే ఉంచి తలకు ఉన్ని టోపీ పెట్టుకోండి. పగలంతా నడిచిన బట్టలతో, అవే మేజోళ్లతో పడుకోవడం రెండోది. అవి పొడిగా అనిపించినా చెమట వాటిలో ఉంటుంది. పడుకోవడానికి విడిగా ఒక జత బట్టలు, మేజోళ్లు ఉంచుకుని పగలు వాటిని అసలు వాడకండి. మూడోది, చలని టెంట్ కిటికీలన్నీ మూసేయడం. లోపలి గోడల మీద నీరు పడుతుంది, పాదాల చివర దుప్పటి ఆ గోడకు రాసుకుంటూ రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. గాలి కిటికీ ఒకటి పైన, ఒకటి కింద తెరిచే ఉంచండి. ఇక దుప్పటి వెచ్చగా ఉండాలని పైన రెయిన్‌కోటో వెండి రంగు ఫాయిల్ షీటో కప్పేవాళ్లు బయటికి పోవాల్సిన ఆవిరిని చేజేతులా లోపలే బంధిస్తున్నారు.

పరిష్కారానికి ఖర్చేమీ లేదు, కాస్త ఓపిక కావాలి. పొద్దున లేవగానే దుప్పటిని దులిపి, పైపొర పైకి వచ్చేలా పరిచి, మిగతా సామానంతా సర్దాక చివర్లో సంచిలో పెట్టండి. అప్పటికీ ఎండ రాకపోతే మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు బండ మీదో పొద మీదో పరచండి. ఎండ బాగుంటే అరగంటలో ఎంతో తేడా వస్తుంది. సామాన్లు విప్పాలంటే బద్ధకంగానే ఉంటుంది, అయినా విప్పండి. ఎండ రాని రోజులు వరసగా ఉంటే, డౌన్ దుప్పటి మీద పలచటి సింథటిక్ దుప్పటి ఒకటి కప్పండి. అప్పుడు ఆవిరి ఆ పైదాంట్లో నీరవుతుంది, లోపలిది పొడిగా మిగులుతుంది. సింథటిక్ తొందరగా ఆరిపోతుంది.

ఏది కొనాలన్నదీ ఇక్కడే తేలుతుంది. ఒక్క రాత్రికైతే, పొడి వాతావరణమైతే, మోయాల్సిన బరువు తగ్గాలంటే డౌన్‌ని మించింది లేదు. తేమ గాలిలో నాలుగైదు రోజుల ట్రెకింగ్‌కి నేను సింథటిక్ వైపే మొగ్గుతాను, బరువు కొంచెం ఎక్కువైనా సరే. ఉన్ని కంబళి తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చినా తడిసినట్టు అనిపించదు, వెచ్చదనం కొంత నిలుపుకుంటుంది. కానీ దాని బరువు వల్ల బండి దగ్గరే క్యాంప్ వేసేవాళ్లకు మాత్రమే చెబుతాను. నూలు దుప్పటి మాత్రం వద్దు. తడి పీల్చుకుని వదలదు. నీరు పట్టని డౌన్ అని అమ్మేది కాస్త ఆలస్యంగా తడుస్తుందే గానీ ఈ సమస్యను తప్పించదు.

కొన్న కొత్తలో ఉన్నంత వెచ్చగా లేదు

ఎక్కడ దాచారో చూడండి. చిన్న సంచిలో కుక్కి నెలల తరబడి ఉంచితే పోగులు నలిగి మళ్లీ పూర్తిగా లేవవు. వదులైన పెద్ద సంచిలో ఉంచండి, లేదా వేలాడదీయండి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, పోగుల మీద పూతలా పడుతుంది. డౌన్‌ని డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పితే ఉండలు విడిపోతాయి. పైకి ఆరినట్టున్నా మధ్యలో తడి ఉంటుంది, ఓపికగా తిప్పండి.

లేబుల్ మీద "సున్నా డిగ్రీలు" అని ఉంది, పది డిగ్రీలకే వణుకు

ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం స్లీపింగ్ బ్యాగుల కోసం పెట్టింది. దుప్పట్ల మీద రాసే అంకె చాలావరకు తయారీదారు సొంత అంచనా. ప్రమాణం ప్రకారం ఇచ్చినచోట కూడా 'కంఫర్ట్' అంకెనే చూడండి. 'ఎక్స్‌ట్రీమ్' అంటే ప్రాణం నిలబెట్టుకునే హద్దు, నిద్రపోయే హద్దు కాదు. ఫ్లీస్ మీద ఉండే జీఎస్ఎం చదరపు మీటరు గుడ్డ బరువును చెబుతుంది, వెచ్చదనాన్ని నేరుగా చెప్పదు. కొండ ఎక్కుతున్నారంటే ప్రతి 1000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేసుకుని దాని మీద ఇంకో ఐదు డిగ్రీలు మార్జిన్ ఉంచుకోండి.

పిక్నిక్ దుప్పటి మీద కూర్చుంటే కాసేపటికి తడి తగులుతోంది

"వాటర్‌ప్రూఫ్ అని చెప్పి మోసం చేశారు" అంటారు. అడుగు పొరను తిప్పి చూడండి. పైగుడ్డనూ అడుగు పొరనూ కలిపి గళ్లు గళ్లుగా కుట్టి ఉంటే, ప్రతి కుట్టూ ఒక రంధ్రమే. పచ్చిక మీద మామూలుగా ఏమీ కాదు, మోకాలు ఆన్చి బరువు వేసినచోట నీరు పైకి తన్నుకొస్తుంది. తడి స్పాంజి మీద దుప్పటి వేసి, పైన టిష్యూ కాగితం పెట్టి, మోకాలితో నిమిషం నొక్కి చూడండి, తేలిపోతుంది. కొనేటప్పుడు అంచుల్లో మాత్రమే కుట్టినది తీసుకోండి. ఉన్నదానికైతే కింద ఒక ప్లాస్టిక్ షీట్ వేస్తే సరిపోతుంది. మడిచేటప్పుడు అడుగు వైపు బయటికి ఉండాలి, లేకపోతే బురదంతా మెత్తటి వైపుకు అంటుతుంది. అడుగు పూత జిగటగా మారి రాలిపోతుంటే దాని పని అయిపోయినట్టే. గడ్డి గింజలు అంటుకోవడం ఫ్లీస్ లక్షణం, నున్నటి నేత ఉన్నది తీసుకోండి. నిప్పు దగ్గర కూర్చునేవాళ్లకు ఉన్ని తప్ప వేరేది వద్దు, రవ్వ పడితే సింథటిక్ కరిగిపోతుంది.

ఇవేవీ కాకపోతే

ఉన్ని దురద, రంగు దిగడం, చిటపటమనే స్టాటిక్ లాంటివి అరుదు, వాటి వల్ల రాత్రి చెడిపోదు. మ్యాట్ సరిగ్గా ఉండి, దుప్పటి పొడిగా ఉండి, అయినా చలేస్తుంటే ఖాళీ కడుపుతో పడుకున్నారేమో చూడండి. ఏదైనా తిని, మూత్రానికి వెళ్లొచ్చి, మూత గట్టిగా ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి మేజోడులో పెట్టి తొడల మధ్య ఉంచుకోండి.

ఒకరు వణుకుతూ మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా, గడ్డకట్టే చలిలో వణుకు ఆగిపోయినా అది హైపోథెర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం. దుప్పటి మార్చి చూద్దాం అనుకునే సమయం కాదు. వెంటనే సహాయానికి ఫోన్ చేయండి, తడి బట్టలు తీసి పొడివి వేయండి, ముందు కింద మ్యాట్ వేసి ఆ తర్వాత పైన కప్పండి. 1964లో నాసా రూపొందించిన ఆ వెండి ఫాయిల్ దుప్పటి ఇలాంటప్పుడే పనికొస్తుంది. పొడి దుప్పట్లన్నిటి మీద, బయటి పొరగా చుట్టండి. చేతులూ కాళ్లూ రుద్దకండి, మద్యం ఇవ్వకండి. పూర్తి స్పృహలో ఉండి మింగగలిగితేనే గోరువెచ్చటి తీపి పానీయం పట్టించండి.